మార్లవాయి నుంచి జీవో 3 దాకా: గోండు పిల్లలకు పాఠం ఎవరు చెప్పాలి?

ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలన్న జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ జీవోను మళ్లీ తేవాలన్నది అప్పటి నుంచి ఆదివాసీ సంఘాల ప్రధాన డిమాండ్లలో ఒకటి. డిమాండులో న్యాయం ఉంది. కానీ చర్చ పోస్టుల లెక్క దగ్గరే ఆగిపోతోంది. ఆరేళ్ల గోండు పిల్లకు, పక్క తెగ కొలాం పిల్లవాడికి మొదటి రోజు బడిలో వినబడే మాట అర్థమవుతుందా లేదా అన్నది వెనక్కి పోయింది. ఈ ప్రశ్నకు ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. దాని మొదలు ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూరు మండలంలోని మార్లవాయి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. అప్పటికే వియన్నాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ సంస్థానంలో ఉన్నారు. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో, రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్‌వారి లెక్కలో శత్రుదేశీయుడయ్యారు. సంస్థానం హద్దుల్లోనే ఉండాల్సి రావడంతో చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య పనిచేసి, తర్వాత గోండుల దగ్గరికి వచ్చారు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో మకాం పెట్టారు. ఆయనకు అక్కడ కనబడినది సూటిగా ఉంది: రిజర్వు ఫారెస్టు గీతలు గీసినప్పుడు, బయటివాళ్లు పట్టాలు చేయించుకున్నప్పుడు, గోండుల చేతికి వచ్చిన కాగితాల్లో ఏముందో చదివి చెప్పే మనిషి గూడెంలో లేడు. భూమి పోవడానికి ఇదొక్కటే కారణం కాదు. పోయిన భూమిని అడగలేకపోవడానికి మాత్రం ఇది పెద్ద కారణం.

అందుకే 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. ఈ కేంద్రం నడిచిన తీరును ఇవాళ్టి విద్యాశాఖ శ్రద్ధగా చూడాలి. మరాఠీ కాస్తో కూస్తో చదవగల గోండు యువకులను ముందు ఎంచుకున్నారు. సర్టిఫికెట్ నిబంధన పక్కన పెట్టారు. వాళ్లకు మొదట నేర్పింది సొంత భాషను కాగితం మీద పెట్టడం. గోండి మాటలతో దేవనాగరి లిపిలో వాచకాలు తయారుచేశారు. శిక్షణ ముగిసిన టీచరు ఆ వాచకాలతో గూడెంలో బడి తెరిచేవాడు. పిల్లలు చదవడం పట్టుకున్నాక, అప్పటి పాలనా భాష ఉర్దూలోకి తీసుకువెళ్లాలన్నది పథకం. ఇదే కేంద్రంలో కొందరిని పట్వారీలుగా (ఊరి భూమి లెక్కలు రాసేవాళ్లుగా), ఫారెస్టు గార్డులుగానూ తయారుచేశారు. బడి, భూమి రికార్డు, అడవి కాపలా ఈ మూడూ ఒకే ఊళ్లో తర్ఫీదు కావడం వల్ల, చదువుకుంటే ఏం వస్తుందో గూడెం కళ్లారా చూసింది.

దేవనాగరి ఎందుకంటే, ఈ ప్రాంతపు అంగడి భాష అప్పట్లో ఎక్కువగా మరాఠీయే. చాందా వైపు, యవత్మాల్ వైపు చుట్టరికాలు, సంతలు ఉన్నాయి. ఆ రోజుకు ఆ నిర్ణయం సరైనదే.

మార్లవాయి కథను ఒక్క హైమెండార్ఫ్ కథగా చెప్పడం పొరపాటు. గోండుల వంశ కథలు, వంశదైవం పెర్సాపేన్ పూజలో పాడాల్సిన గాథలు తరతరాలుగా నోట నిలుపుకున్నవాళ్లు ప్రధాన్లు. మూడు తీగల కిక్రిని కమానుతో వాయిస్తూ, తమను పోషించే గోండుల ఇళ్లలో గంటల తరబడి పాడతారు. ఎన్నో ప్రధాన్ కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడతాయి. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది గోండి. తోటీలదీ ఇలాంటి వృత్తే. దేవుళ్ల ప్రతిమలు, గజ్జెలు కంచుతో పోతపోసేది వోజులు. అంటే గోండు సమాజపు చరిత్ర, సంగీతం, శిల్పం పక్క సమూహాల చేతుల్లో భద్రంగా ఉండేవి. బయటి నుంచి వచ్చిన దంపతులు ఆ వరుసలో చేరారు. బెట్టీ 1987లో కన్నుమూశారు. హైమెండార్ఫ్ 1995లో లండన్‌లో మరణించారు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి మార్లవాయిలో ఆమె సమాధి పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ ఆ దంపతులకు వర్ధంతి జరుపుతారు. 2021లో పద్మశ్రీ అందుకున్న గోండుల గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజుదీ ఈ ఊరే.

మరి ఆ బడులు ఏమయ్యాయి? 1948 తర్వాత ఉర్దూ స్థానం పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆదిలాబాద్ బడుల భాష తెలుగైంది. దేవనాగరిలో అచ్చయిన గోండి వాచకం నుంచి తెలుగు మూడో తరగతి పుస్తకానికి మెట్టు ఎవరూ కట్టలేదు. లిపి మారింది, భాష మారింది, పై తరగతులన్నీ వేరే దారి పట్టాయి. గోండి వాచకాలు మూలనపడ్డాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలన్న 350ఏ అధికరణం రాజ్యాంగంలో చేరింది కూడా ఆ 1956లోనే.

ఆ తర్వాత ప్రభుత్వం పట్టుకున్న దారి వేరు. ఏజెన్సీ టీచరు పోస్టులను స్థానిక గిరిజనులకు కేటాయిస్తూ 1986లో జీవో 275 వచ్చింది. కోర్టు వివాదాల తర్వాత దాని స్థానంలో 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. టీచర్లు బడికి రాకపోవడం, వచ్చినా బదిలీ చేయించుకు పోవడం దీనికి ముఖ్య కారణాలు. రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద ఏజెన్సీపై గవర్నరుకున్న అధికారం ఎంత ఉన్నా, నూరు శాతం రిజర్వేషన్ ప్రాథమిక హక్కులకు విరుద్ధమని 2020లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. అప్పటిదాకా ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను షరతులతో కొనసాగనిచ్చింది.

జీవో 3లో స్థానికుడంటే ఎవరు? తానో తన తల్లిదండ్రులో 1950 జనవరి 26 నుంచి షెడ్యూల్డ్ ప్రాంతంలో నివాసం ఉన్న గిరిజన అభ్యర్థి. నివాసం అడిగింది, తెగ అడిగింది. ఆ బడి పిల్లల భాష వచ్చా అని అడగలేదు. మార్లవాయి అడిగింది సరిగ్గా అదే. నా దృష్టిలో ఈ కథలో అన్నింటికన్నా పెద్ద లోటు ఇదే.

ఇది చిన్న విషయం కాదు. కొలామీ, గోండి రెండూ ద్రావిడ భాషలే అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. కొలాం గూడెంలోని ఏకోపాధ్యాయ బడికి లంబాడా టీచరు వచ్చినా, గోండు టీచరు వచ్చినా జీవో ప్రకారం స్థానికులే. అయిదు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. టీచరు తెలుగులో చెబుతాడు, పెద్ద తరగతి పిల్ల ఒకతి చిన్నవాళ్లకు కొలామీలో చెబుతుంది. తనకు సగం అర్థమైందే వాళ్లకు చేరుతుంది. చిన్నవాళ్లు బోర్డు మీది అక్షరాలు చక్కగా దించుకుంటారు, పైకి గొంతెత్తి చదువుతారు. చదివినదాని మీద ప్రశ్న అడిగితే మౌనం. తనిఖీకి వచ్చినవాళ్లకు నోట్‌బుక్ కనబడుతుంది, ఈ మౌనం కనబడదు.

2004లో ఉమ్మడి రాష్ట్రం గోండి, కొలామీ, కోయ, సవరతో సహా 8 భాషల్లో వాచకాలు వేసి మాతృభాషా బోధన మొదలుపెట్టింది. ఈసారి లిపి తెలుగు. మార్లవాయి వాచకాలను మూలనపడేసిన లిపి చిక్కుకు ఇదే సరైన విరుగుడు, ఎందుకంటే గోండిలో నేర్చిన అక్షరమే తెలుగు పాఠానికీ పనికొస్తుంది. ఒకటో తరగతిలో చదువు, రాత సొంత భాషలో సాగాలి. తెలుగు ముందు చెవికి, నోటికి రావాలి. తెలుగులో చదవడం, రాయడం ఆ తర్వాతే. మాటరాని భాషలో అక్షరాలు మొదలుపెడితే మళ్లీ ఆ మౌనమే. ఈ పద్ధతి నిలవాలంటే భాష తెలిసిన టీచరు కనీసం మూడేళ్లు అదే బడిలో ఉండాలి. నడుమ బదిలీ అయితే పుస్తకాలు బీరువాలోకి పోతాయి.

లిపి మాట మళ్లీ 2006లో లేచింది. నార్నూరు మండలం గుంజాలలో గోండి రాతప్రతులను హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. 2018లో ఆ లిపి, కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది. అక్షరాల వరుస కకారంతో మొదలవదు: య, వ, బ, భ, మ తర్వాత క వస్తుంది. ఎ-ఏలకు, ఒ-ఓలకు విడివిడి అక్షరాలు లేవు. తెలుగు వరుసకు అలవాటుపడిన టీచరు దీన్ని తిరిగి తెలుగు క్రమంలో పేర్చి నేర్పబోతే, ఊరి పెద్దలు చెప్పే వరుసతో పిల్లలకు పొత్తు కుదరదు. గుంజాల లిపి గోండుల ఆత్మగౌరవానికి గుర్తు, దాన్ని నేర్పాల్సిందే. అయితే మూడో తరగతి తర్వాత, తెలుగు లిపిలో చదవడం స్థిరపడ్డాక నేర్పడం మేలు. ఒకటో తరగతిలోనే రెండు లిపులు ఇస్తే రెండూ ఆలస్యమవుతాయి.

కోర్టు కాదన్నది నూరు శాతం కోటాను. పిల్లల భాష రావాలన్నది కోటా కాదు, ఆ పోస్టుకు కావాల్సిన అర్హత. ఏజెన్సీలో ప్రతి బడికీ పిల్లల ఇంటి భాష ఏదో నమోదు చేసి, డీఎస్సీ ఖాళీల జాబితాలో దాన్ని ఒక కాలమ్‌గా చూపాలి. పోస్టింగుకు ముందు ఆ భాషలో ఒక కథ చెప్పించి, పది వాక్యాలు రాయించి చూడాలి. ఉట్నూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఈ పరీక్ష పెట్టగల రిటైర్డ్ గోండు టీచర్లు, ప్రధాన్ గాయకులు ఉన్నారు. గౌరవ వేతనం ఇచ్చి వాళ్లను పరీక్షకులుగా పిలవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.