రాత్రి పదైనా చల్లారని స్లాబు: ఓరుగల్లు ఇంటి మీద పరిశోధన ఎందుకు వెనుకబడింది

మే నెల సాయంత్రాల్లో హనుమకొండలో ఏ వీధిలో చూసినా స్లాబు మీద బకెట్లతో నీళ్లు చల్లేవాళ్లు కనబడతారు. నీళ్లు పడగానే ఆవిరి లేస్తుంది, గంటసేపు హాయిగా ఉంటుంది. పదింటికి లోపల నడుం వాలిస్తే మళ్లీ అదే సెగ. 5 అంగుళాల కాంక్రీటుకు మధ్యాహ్నం రెండింటికి పైన పట్టిన వేడి అడుగుదాకా దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ తర్వాత అర్ధరాత్రి దాకా దాన్ని గదిలోకి కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది.

ఇది ఎంత వేడి, మనిషి ఒంటి మీద దాని ప్రభావం ఎంత, ఎంత ఖర్చుతో ఎంత తగ్గించవచ్చు అన్నది తేల్చేదే భవన విజ్ఞానం. పీజీ స్థాయిలో చదవాల్సిన, పీహెచ్‌డీ దాకా సాగాల్సిన విషయం. ఉత్తర తెలంగాణలో ఇంజనీరింగ్ చదువుకు అరవై ఏళ్లు దాటినా ఇక్కడి ఇంటి వేడి మీద లెక్కలు మాత్రం బయటివే వాడుకోవాల్సి వస్తోంది. కారణం తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

గూన దిగి స్లాబు ఎక్కిన కథ

పాత భవంతి ఇంటికి అడుగున్నర నుంచి రెండడుగుల మందం మట్టి గోడలు, పైన గూన, నడుమ ఆకాశం కనబడే వాకిలి. అంత మందం గోడలో మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికి జనం వాకిట్లో మంచాలు వేసుకుని పడుకుని ఉంటారు. గూన సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. ఇంతవరకు అందరూ చెప్పేదే. చెప్పనిది ఇంకొకటుంది. ఏటా వానలకు ముందు గూన సర్దించాలి. కోతుల మంద ఒక్కసారి పైన ఎగిరితే సగం గూన పలుగుతుంది. దూలాలకు చెదలు, అర్రల్లో చీకటి, కట్టెల పొయ్యి పొగ. జనం స్లాబుకు మారింది ఫ్యాషన్ కోసం కాదు. కోతుల బాధ, వాన కారుడు, గూన సర్దే పనివాళ్లు దొరకకపోవడం వాళ్లను అటు తోశాయి. పాత ఇల్లు మంచిది, కొత్త ఇల్లు చెడ్డది అని మొదలుపెట్టే థీసిస్ మొదటి అధ్యాయంలోనే దారి తప్పుతుంది.

రామప్పను తెచ్చి చూపించడమూ అలాంటిదే. 1213 నాటి ఆ గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు, పునాదిలో ఇసుక పరిచారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ‘కాకతీయుల సుస్థిర నిర్మాణం’ అన్న మాట ప్రతి సెమినార్‌లోనూ వినబడుతోంది. తేలిక ఇటుక శిఖరం బరువు తగ్గించడానికి. గాలి ఖాళీలున్న ఇటుక వేడిని కూడా నెమ్మదిగా పంపుతుందన్నది నిజమే, కానీ శిఖరంలో ఎవరూ కాపురం చేయలేదు. 120 గజాల ఇంటికి అక్కడి నుంచి నేరుగా తెచ్చుకునే లెక్క ఏదీ లేదు.

కాలేజీ వచ్చింది, ఈ పాఠం రాలేదు

1959 అక్టోబర్ 10న వరంగల్‌లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరసలో అదే మొదటిది. 2002లో అది నిట్ అయింది. ఆ కాలేజీలు పుట్టింది పంచవర్ష ప్రణాళికలకు కావాల్సిన ఇంజనీర్ల కోసం. 1963లో పోచంపాడుకు పునాదిరాయి పడింది. ఆనకట్ట, కాలువ, వంతెన, విద్యుత్ కేంద్రం ముందు పనులు. సివిల్ విభాగంలో కాంక్రీటును ప్రశ్నించిందల్లా ఎంత బరువు మోస్తుందనే. దాని కింద పడుకునే మనిషికి ఎలా ఉంటుందన్న ప్రశ్న ఆర్కిటెక్చర్ వాళ్లదన్నారు. ఇక్కడ మొదట్లో ఆ శాఖ పెట్టలేదు. గది వేడి మెకానికల్ వాళ్లకు ఏసీ సైజు లెక్క మాత్రమే. మూడు విభాగాల నడుమ ఆ ప్రశ్న జారిపోయింది.

అదే కాలంలో దానిమీద పనిచేసింది రూర్కీ. 1947లో మొదలైన కేంద్ర భవన పరిశోధన సంస్థలో ఎం.ఆర్. శర్మ, షరాఫత్ అలీ మన ఎండలకు తగిన ‘ట్రాపికల్ సమ్మర్ ఇండెక్స్’ తయారుచేసి 1986లో ప్రచురించారు. లెక్క చేతి వేళ్ల మీద చేసుకోవచ్చు. తడి బల్బు అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు. గ్లోబు అంటే గాలి వేడితో పాటు గోడలు, స్లాబు చిమ్మే సెగనూ పట్టే బోలు గోళంలోని థర్మామీటరు. తడి బల్బు ఉష్ణోగ్రతలో మూడో వంతు, గ్లోబు ఉష్ణోగ్రతలో ముప్పాతిక వంతు కలిపి, అందులోంచి గాలి వేగపు వర్గమూలానికి రెట్టింపు తీసేయాలి. 25 నుంచి 30 మధ్య వస్తే సుఖం. రాత్రి పదింటికి తడి బల్బు 24, గ్లోబు 36, ఫ్యాను గాలి సెకనుకు 1 మీటరు అనుకుందాం. 8, 27 కలిపి 2 తీస్తే 33. ఫ్యాను తగ్గించి గాలి పావు మీటరుకు పడితే 34. అంటే అంత ఫ్యానూ కలిపి ఇచ్చింది ఒక్క డిగ్రీ. స్లాబు అడుగు చల్లబడి గ్లోబు 4 డిగ్రీలు దిగితే సూచిక 3 తగ్గుతుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ చిన్న లెక్కే చెబుతుంది.

హైదరాబాద్‌లో 2008 వేసవి, వానాకాలాల్లో పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 45 ఫ్లాట్లలో జనాన్ని అడిగి, పక్కనే కొలిచి, ఏసీ లేని ఇళ్లలో మనవాళ్లకు 29.2 డిగ్రీల దగ్గర సమంగా ఉంటుందని, 26 నుంచి 32.45 దాకా సర్దుకుంటారని తేల్చారు. పై అంతస్తు వాళ్ల బాధ వేరుగా కనబడింది. 2014లో అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఐమ్యాక్ అనే సుఖ ఉష్ణోగ్రత నమూనా 2016 జాతీయ భవన నియమావళిలోకి ఎక్కింది. బయటి సగటును 0.54తో గుణించి 12.83 కలిపితే ఏసీ లేని కార్యాలయంలో సుఖ ఉష్ణోగ్రత వస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ సూత్రం బయటి సగటు 31 డిగ్రీల దాకానే చెల్లుతుంది. పగలు 42, రాత్రి 28 ఉన్న మన మే నెల సగటు 35. పైగా అది ఆఫీసుల నుంచి వచ్చింది, ఇళ్ల నుంచి కాదు. వరంగల్ మే నెలకు ఆ సూత్రం వేసి ‘31.7 డిగ్రీలు సుఖం’ అని రాసిన పేజీని పరీక్షకుడు కొట్టేస్తే తప్పు పరీక్షకుడిది కాదు.

ఆరోగ్యం ఎప్పుడు చేరింది

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో కరెంటు ఆదా కోసం భవనాలను బిగించేశారు. మనిషికి కావాల్సిన కనీస తాజా గాలిని అక్కడి ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే 1981 ప్రమాణం నిమిషానికి 5 ఘనపుటడుగులకు దించింది. తలనొప్పులు, కళ్ల మంటలు, దగ్గుల ఫిర్యాదులు పెరిగాయి. 1989లో దాన్ని 15కు పెంచారు. ఆదా, ఆరోగ్యం ఒకదాన్నొకటి తన్నుకోవచ్చని ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

మన పడకగదుల్లో ఇప్పుడు అదే జరుగుతోంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, గదిలో గాలినే తిప్పి చల్లబరుస్తుంది. 10 అడుగుల వెడల్పు, 12 పొడవు, 10 ఎత్తు గదిలో 34 ఘనమీటర్ల గాలి ఉంటుంది. నిద్రలో మనిషి గంటకు 11–12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇద్దరు పడుకుని అన్ని సందులూ మూస్తే గంటకు 650 పీపీఎంకు (గాలిలో పది లక్షల వంతులకు 650 వంతులు) పైగా పెరగాలి. తలుపు కింది సందు కాస్త కాపాడినా తెల్లారేసరికి 2000 దాటడం వింత కాదు. జర్మన్ ఆరోగ్య శాస్త్రవేత్త పెట్టెన్‌కోఫర్ 1858లోనే 1000ని హద్దుగా చెప్పాడు.

బూడిద ఇటుక మీద ఒక మాట

రామగుండం ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో, భూపాలపల్లి దగ్గర చెల్పూరు కేంద్రం 2010లో నడకకు వచ్చాయి. బూడిద కుప్పలు పెరిగాయి. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుక బట్టీలు కనీసం 25 శాతం బూడిద కలపాలని 1999లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, 2003లో దాన్ని 100 కిలోమీటర్లకు పెంచింది. విశాఖకు చెందిన భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు బూడిద, సున్నం, జిప్సంతో కాల్చని ఇటుకను అంతకు ముందే నిలబెట్టారు. ఇక్కడి పీజీ థీసిస్‌లకు బూడిద అప్పటినుంచి ఇంటి సరుకే.

చెరువు మట్టి మిగిలింది, బట్టీ బొగ్గు మిగిలింది, అది నిజమైన లాభం. కానీ బూడిద ఇటుక వేడిని దాదాపు ఎర్ర ఇటుకలాగే పంపుతుంది. గోడ మార్చినంత మాత్రాన గది చల్లబడదు. గాలి బుడగల ఏఏసీ దిమ్మ వేడిని పంపే గుణం మీటరుకు, డిగ్రీకి 0.16–0.18 వాట్ల దగ్గర ఉంటే, ఇటుకది 0.8 దగ్గర ఉంటుంది. ఇక కొత్త బూడిద ఇటుకను రెండు మూడు వారాలు తడపకుండా నాలుగో రోజే లారీకెత్తితే, గోడ ఆరేకొద్దీ కుంచించుకుని గిలాబులో మెట్లమెట్లుగా పగుళ్లు వస్తాయి. సుతారి దాన్ని సిమెంటు తప్పంటాడు, సిమెంటు షాపువాడు సుతారి తప్పంటాడు.

నియమాలు ఆగిన చోట

2001లో ఇంధన పొదుపు చట్టం, 2007లో వాణిజ్య భవనాలకు ఈసీబీసీ అనే ఇంధన పొదుపు నియమావళి, 2018లో ఇళ్లకు అలాంటిదే ఎకో నివాస్ సంహిత వచ్చాయి. హైదరాబాద్‌లోని సీఐఐ గోద్రెజ్ భవనానికి 2003లో అమెరికా బయట మొట్టమొదటి లీడ్ ప్లాటినం, అంటే హరిత భవనాల పై స్థాయి గుర్తింపు, దక్కింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ, ఎండను తిప్పికొట్టే చల్లని కప్పుల కోసం, కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్లు, అందులో హైదరాబాద్ అవతల 100.

సంహిత ప్రకారం కప్పు యు-విలువ, అంటే కప్పు ఎంత వేడిని లోపలికి పంపుతుందో చెప్పే అంకె, 1.2 దాటకూడదు. మన 5 అంగుళాల స్లాబుది దాదాపు 3.5. దిగాలంటే స్లాబు పైన 20 మిల్లీమీటర్లకు కాస్త పైన ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు పలక, దానిమీద రక్షణ పొర వేస్తే చాలు. 4 అంగుళాల ఇటుక కోబా, అంటే ఇటుక ముక్కల పొర, వేస్తే చాలదు. వాన నీరు ఆపుతుంది గానీ వేడికి దాని అడ్డు ఎక్స్‌పీఎస్ పలకలో పావు వంతు కూడా లేదు. తెల్ల పూత వేరే దారి. కొత్తగా వేసినప్పుడు ఎండలో 70–80 శాతం తిప్పికొడుతుంది, దుమ్ము పట్టాక ఏడాదిలో చాలా పోతుంది. ఫిబ్రవరిలో స్లాబు కడిగి మళ్లీ వేయని ఇంట్లో రెండో వేసవికి ఫలితం అడగొద్దు.

తిరకాసు ఇక్కడుంది. 2018 సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాలకు. కూల్ రూఫ్ ఇళ్లకు తప్పనిసరి అయ్యేది 600 గజాల నుంచి. 500 చదరపు మీటర్లంటే 598 గజాలు, రెండూ ఒకటే గీత. కాజీపేటలోనో హుస్నాబాద్‌లోనో 100, 150 గజాల్లో కట్టుకున్నవాళ్లు, 5 లక్షల సాయంతో 400 చదరపుటడుగుల ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేవాళ్లు ఆ గీతకు ఇవతలే ఉన్నారు. సెగ ఎక్కువ తగిలేది వాళ్లకే. స్థానిక పరిశోధనకు అసలు ఖాళీ ఇక్కడ ఉంది.

పని మొదలుపెట్టేవాళ్లకు

ఇంటి వేడిని కంప్యూటర్ నమూనాలో లెక్కగట్టాలంటే ఆ ఊరి ఏడాది వాతావరణం అంకెల్లో కావాలి. మొదటి చిక్కు ఆ వాతావరణ ఫైలు. మన దేశపు ఏసీ ఇంజనీర్ల సంఘం ఇష్రే తయారుచేసిన పాత నగరాల పట్టికలో హైదరాబాద్ ఉంది, రామగుండం ఉంది, వరంగల్ లేదు. చాలామంది హైదరాబాద్ ఫైలు పెట్టేస్తారు. హైదరాబాద్ 500 మీటర్ల పైన, వరంగల్ 270 మీటర్ల దగ్గర. ఎత్తు తేడా ఒక్కటే ఒకటిన్నర డిగ్రీలు తెస్తుంది. ఏ సుఖ హద్దు దగ్గరైనా అది వందల గంటల తేడా.

రెండోది ఆ లెక్కలు చేసే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌లో నేల ఉష్ణోగ్రత. మార్చకపోతే అది 18 డిగ్రీలు అనుకుంటుంది. ఒక్క అంతస్తు ఇంటికి అది ఉచిత ఏసీ. మే నెలలో గది 33 దాటకపోతే ముందు ఆ అంకె చూడాలి. గది సగటుకు రెండు డిగ్రీలు తక్కువ పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. కిటికీలు ఎప్పుడు తెరుస్తారో కూడా ఇంటివాళ్లను అడిగి రాసుకోవాలి. దోమల వేళ సాయంత్రం ఆరింటికే మూసేసే వీధులు ఇక్కడ చాలా. రాత్రంతా కిటికీ తెరిచినట్టు వేసిన నమూనా ఎవరి ఇల్లూ కాదు.

కొలతకు పెద్ద లాబు అక్కర్లేదు. 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతికి మ్యాట్ రంగు వేసి లోపల సెన్సర్ పెడితే గ్లోబు. నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తున, గోడకు, ఫ్రిజ్‌కు, వెంటిలేటర్ ఎండకు దూరంగా వేలాడదీయాలి. పది నిమిషాలకొక రీడింగు. స్లాబు అడుగుకు ఇంకో సెన్సర్ అంటించాలి. చవక దుమ్ము సెన్సర్లు వానాకాలంలో తేమ 80 శాతం దాటితే, ఉబ్బిన కణాల వల్ల, ఎక్కువ చూపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ మీటర్లలో ఇంకో తంటా. వారంలో కనబడిన అతి తక్కువ అంకెను 400 అనుకుని చాలా మీటర్లు తమను తామే సరిచేసుకుంటాయి. ఎప్పుడూ మూసి ఉండే ఏసీ గదిలో వారం తర్వాత అవి అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి. ఆ సెట్టింగు ఆపేయాలి, లేదా వారానికోసారి ఆరుబయట పెట్టి తేవాలి.

గేట్‌లో 2021 నుంచి రెండు పేపర్లు రాయవచ్చు కాబట్టి సివిల్ వాళ్లు ఆర్కిటెక్చర్ పేపర్ కూడా ప్రయత్నించవచ్చు. సెప్ట్‌లో భవన ఇంధనం మీద ఎంటెక్ ఉంది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భవన విజ్ఞానం మీద పరిశోధన నడుస్తోంది. ఇక్కడే ఉండి చేసేవాళ్లు కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ ఎంటెక్‌లోంచి ఈ ప్రశ్న ఎత్తుకోవచ్చు. క్యాలెండర్ మాత్రం ముందే చూసుకోవాలి. ఎంటెక్ జూలై, ఆగస్టుల్లో మొదలవుతుంది. ప్రాజెక్టు మూడో సెమిస్టర్లో, అంటే రెండో ఏడు వానల్లో. రెండో వేసవి వచ్చేసరికి మే నెల అంకెలు చేతికందక ముందే థీసిస్ అప్పజెప్పే తేదీ వస్తుంది. అందుకని టాపిక్ ఖాయం కాకపోయినా సరే, మొదటి ఏడు ఏప్రిల్ రెండో వారానికల్లా కనీసం నాలుగు ఇళ్లలో లాగర్లు, అంటే రీడింగులు తమంతట తామే రాసుకునే సెన్సర్లు, వేలాడాలి. రెండు స్లాబువి, ఒకటి సిమెంటు రేకులది, దొరికితే ఒకటి గూనది.