లండన్ - న్యూయార్క్ విమానం: మా కౌంటర్ దగ్గర వినిపించే అపోహలు

హనుమకొండలో విమాన టికెట్లు బుక్ చేయడం నా పని. పిల్లలు లండన్‌లో విమానం మారి న్యూయార్క్ వెళ్తున్నారంటే, ఇంట్లోవాళ్ల అనుమానాలన్నీ ఆ సముద్రం దాటే ముక్క మీదే ఉంటాయి.

అపోహ: మ్యాప్‌లో విమానం పైకి వంగి పోతోంది, చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నారు.

వాస్తవం: అదే దగ్గరి దారి. నా టేబుల్ మీద పిల్లలు ఆడుకునే గ్లోబు ఒకటి ఉంది. లండన్ మీద దారం కొస పెట్టి న్యూయార్క్ దాకా బిగించి లాగితే, అది తనంతట తానే ఉత్తరానికి జరిగి కెనడా తీరం మీదుగా దిగుతుంది. ఆ దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీదికి దించితే దారం వంకరగా కనిపిస్తుంది, అంతే.

అపోహ: గంటకు 900 కిలోమీటర్లు కదా, ఆరు గంటల్లో దిగాలి.

వాస్తవం: టికెట్ మీద రాసే టైమ్ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పాకడం, దిగేముందు ఆకాశంలో చక్కర్లు, అన్నీ అందులోనివే.

అపోహ: భూమి తిరుగుతుంది కాబట్టి పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఒక లెక్క.

వాస్తవం: చదువుకున్నవాళ్లు కూడా ఇదే చెప్తారు. కాజీపేటలో రైలెక్కి బోగీలో ముందుకు నడిచినా వెనక్కి నడిచినా మీకు పట్టే టైమ్ ఒకటే కదా? భూమితోపాటు గాలీ తిరుగుతుంది. తేడా తెచ్చేది జెట్ స్ట్రీమ్. దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జోరుగాలి అది. న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి, ఎనిమిది గంటలు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, ఏడు గంటలు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి కలిసొచ్చి ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఈ గాలులు రోజూ మారతాయి కాబట్టే అట్లాంటిక్ మీద విమానాల దారులనూ రోజూ కొత్తగా గీస్తారు.

అపోహ: "తమ్మీ, లండన్ల పదకొండుకు ఎక్కి రెండుకే దిగుతదట. మూడు గంటలేనా?"

వాస్తవం: ఎక్కే టైమ్ లండన్‌ది, దిగే టైమ్ న్యూయార్క్‌ది. మధ్యలో 5 గంటల తేడా. అది కలిపితే ఎనిమిది. ఇందులో నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. వేసవికని గంట ముందుకు జరిపిన గడియారాన్ని అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ గంట వెనక్కి జరుపుతారు. బ్రిటన్‌లో అక్టోబర్ చివరి ఆదివారమే జరిపేస్తారు. ఆ మధ్య వారం తేడా 4 గంటలే. మన గడియారం మాత్రం కదలదు. ఆ నవంబర్‌లో పాత లెక్కన "మన టైమ్ రాత్రి పదకొండున్నరకు దిగుతుంది" అని ఓ తండ్రికి చెప్పాను. విమానం సరైన టైమ్‌కే పన్నెండున్నరకు దిగింది. ఆ గంటలో ఆయన నాకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు. ఇప్పుడు రెండో బిడ్డకు టికెట్ తీయడానికి వచ్చినా రేటు తర్వాత అడుగుతాడు. ముందడిగేది, "అక్కడ గడియారం మార్చిన్రా?"