అటకమీది తాళపత్రాలు: అపోహలు - వాస్తవాలు

"తాతగారి తాళపత్రాలండీ. అక్షరాలన్నీ చెరిగిపోయి ఖాళీ ఆకులే మిగిలాయి. గోదాట్లో కలిపేయమంటారా?" అటక దులిపిన ఇళ్ల నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. కలపకండి.

తాటాకు మీద అక్షరాన్ని గంటంతో, అంటే మొనదేలిన ఇనుప కలంతో గీస్తారు. గీసినప్పుడు అందులో రంగేమీ ఉండదు. తర్వాత దీపపు మసిని నూనెలో కలిపి ఆకంతా పులిమి, పైపైన తుడిచేస్తారు. గీతల్లో నిలిచిపోయిన నలుపే మనకు అక్షరంగా కనబడుతుంది. కాలం గడిచేకొద్దీ ఆ మసి రాలిపోతుంది. కొన్ని కట్టలకైతే అసలు మసే పట్టించి ఉండరు. అంటే పోయింది నలుపే, గీత చాలావరకు అలాగే ఉంటుంది.

గది చీకటి చేసి ఆకును బల్లమీద పెట్టండి. ఫోన్ టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించినట్టు పట్టుకోండి. గీతల్లో నీడ పడి వరుసలు తేలుతాయి. ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి: వెలుగు పక్కనుంచి పడేలా ఒకటి, పై అంచు నుంచి పడేలా ఒకటి. మసి పట్టించే పని మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి. పెళుసుబారిన ఆకు ఆ రుద్దుడికి చీలిపోతుంది.

కనబడ్డా చదవలేకపోతే అదేదో రహస్య లిపి అని కంగారుపడొద్దు. మన ఇళ్లలో దొరికేవి ఎక్కువగా తెలుగు లిపిలోనివే, భాష సంస్కృతమైనా సరే. పదాల మధ్య ఖాళీ ఉండదు. 'ధర్మం'లోని రకారం వలపలగిలకగా (తర్వాతి అక్షరానికి కుడిపక్కన రాసే గుర్తుగా) మారి తెలుగు తొమ్మిది (౯) అంకెలా కనిపిస్తుంది. అంచున ఉండేవి తెలుగు అంకెల్లో ఆకు సంఖ్యలు. ముందు చివరి ఆకు చూడండి. రాసినవారి పేరు, సంవత్సరం, తిథి ఉంటే అక్కడే ఉంటాయి. 'ప్రభవ' అని మాత్రమే ఉంటే తొందరపడి వయసు చెప్పకండి, ఆ పేరు 60 ఏళ్లకోసారి తిరిగొస్తుంది. శక సంవత్సరం కూడా ఉంటేనే లెక్క తేలుతుంది.

ఇక కొబ్బరినూనె. రాస్తే ఆకు మెత్తబడుతుందని ఎవరు పుట్టించారో గాని, కట్టలకు కట్టలు పాడవుతున్నాయి. ఆ నూనె ఆవిరవదు. దుమ్ము పట్టి జిగురై ఆకులు అతుక్కుంటాయి. అప్పుడు చాకు పెట్టి విడదీస్తే పై పొర అక్షరాలతో సహా ఊడొస్తుంది. భద్రపరిచే చోట్ల వాడేది నిమ్మగడ్డి నూనె, అదీ దూదితో పలచగా, సిరాతో రాసిన ఆకు కాదని చూసుకున్నాకే. ఇంట్లో మీరు చేయాల్సింది మెత్తటి బ్రష్‌తో ఆకు పొడవునా ఒకే దిక్కుకు దుమ్ము దులపడం, అంతే. తాడు విప్పేముందు కట్టను ఫొటో తీయండి, వరుస తప్పితే మళ్లీ కూర్చడం నరకం. విరిగిన ముక్కలను ఆకు సంఖ్య రాసిన కాగితపు కవర్లో వేయండి. కట్టను రెండు చెక్కల మధ్య పెట్టి, నూలుగుడ్డ చుట్టి, ఆకులు కదలకుండా కట్టండి. వదులైతే వంకర్లు పోతాయి. లామినేషన్, సెలోటేప్, ప్లాస్టిక్ సంచి వద్దు.

నిధి రహస్యాలు, కోట్ల ధరలు? వాట్సాప్ కబుర్లు. శతకాలు, పురాణాలు, వైద్యం, జ్యోతిషం, ఇవే ఎక్కువ.

ప్రభుత్వం లాక్కుంటుందన్న భయమూ అక్కర్లేదు. వివరాలు నమోదు చేయించుకున్నంత మాత్రాన కట్ట మీది కాకుండా పోదు. అయితే విదేశాల్లో ఉన్న పిల్లలు సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లడం మాత్రం కుదరదు. సాహిత్య, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువే, దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. ఫొటోలు పట్టుకెళ్లండి.