వానపాము నీళ్లలో మునిగి చస్తుందా?

మేడ మీద ట్యాంకులో చేపలు, ఆ నీళ్లతోనే కంకర బెడ్‌లో తోటకూర, పుదీనా పెంచుతున్న పాఠకురాలు ఒకరు అడిగారు: “కంపోస్టు వానపాముల్ని ఆ కంకరలో వదలమంటున్నారు. నీళ్లు నిండినప్పుడల్లా ఊపిరాడక చచ్చిపోవా?”

చావవు. వానపాముకు ఊపిరితిత్తులు లేవు. చర్మం మీది జిగురు తడిలో ఆక్సిజన్ కరిగి, దాని అడుగునున్న సన్నటి రక్తనాళాల్లోకి దిగుతుంది. ఆ తడి ఆరిపోతే దానికి చావే. డార్విన్ 1881లో వానపాముల మీద రాసిన పుస్తకంలో పెరియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ప్రయోగం ఒకటి ఉంది. గదిలోని పొడిగాలికి ఒక్క రాత్రిలో చచ్చిన జీవి, పూర్తిగా నీళ్లలో ముంచి ఉంచితే దాదాపు నాలుగు నెలలు బతికింది! “వానపాము చర్మంతో శ్వాసిస్తుంది” అని బడిలో బట్టీ పట్టిస్తారు గానీ, ఇంత దూరం తీసుకెళ్లి చెప్పరు.

దాని రక్తం ఇంకా అద్భుతం. మన హీమోగ్లోబిన్ ఎర్రకణాల్లో ఉంటుంది, ఒక్కో అణువులో నాలుగు గ్లోబిన్ అనే ప్రొటీన్ గొలుసులు. వానపాముకు ఎర్రకణాలు లేవు, హీమోగ్లోబిన్ నేరుగా ప్లాస్మాలోనే, అంటే రక్తపు ద్రవంలోనే కరిగి ఉంటుంది. చిన్న అణువైతే నాళాల్లోంచి కారిపోయేదే. అందుకే 144 గ్లోబిన్లు, వాటిని కలిపి పట్టే 36 లింకర్ ప్రొటీన్లతో దాదాపు 36 లక్షల డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) మహా అణువు తయారైంది. మనదానికి యాభై రెట్లకు పైనే. ఆక్సిజన్ కొద్దిగా ఉన్నచోట కూడా గట్టిగా లాక్కుంటుంది.

ముప్పై డిగ్రీల వేడిలో లీటరు నీళ్లలో కరిగే ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములే, లీటరు గాలిలో 270 దాకా ఉంటుంది. బెడ్ నిండగానే దానంతటదే ఖాళీ చేసే గొట్టం, బెల్ సైఫన్, నీళ్లు లాగేసిన ప్రతిసారీ కంకర సందుల్లోకి ఆ గాలి దిగుతుంది. ప్రమాదమల్లా బురద పేరుకుని కుళ్లిన మూలల్లోనే, అక్కడ బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను ఊడ్చేస్తుంది. ఆ బురదనే, అంటే చేపల రెట్టనూ మిగిలిన మేతనూ, వానపాము తిని ఇసుక రేణువులున్న గిజార్డులో (మేతను నూరే కండర సంచిలో) నూరేస్తుంది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చేది మాత్రం బ్యాక్టీరియానే. పోషకాలన్నీ చేపల మేతతో వచ్చినవే, వానపాము కొత్తగా పుట్టించేది లేదు.

ఐసీనియా ఫెటిడా అనే కంపోస్టు వానపాము రకం దీనికి బాగా సరిపోతుంది. వాటి ఒంటికంటిన పేడ ట్యాంకులోకి పోకుండా శుభ్రంగా కడిగి కంకరలో వదలండి. చేపలకు జబ్బు చేస్తే ఉప్పుగానీ మైలుతుత్తంగానీ ట్యాంకులో కలపొద్దు, రెండూ వానపాముల పలుచటి చర్మానికి విషాలే. జబ్బు చేపను వేరే తొట్టెలోకి మార్చి, వైద్యం అక్కడే చేయండి.