ఆదివారం పదకొండు గంటల టిఫిన్: తిరుపతిలో బ్రంచ్ గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో హోటల్ కిచెన్ నా పని. పొద్దున టిఫిన్ షిఫ్టూ చూస్తాను, ఆదివారం బఫే కూడా చూస్తాను. ఊళ్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, యూనివర్సిటీ పిల్లలు, దర్శనం అయ్యాక కార్లలో చెన్నైకో బెంగళూరుకో తిరిగి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆదివారం లేటుగా లేచి, పదిన్నర పదకొండుకి అందరం కూర్చుని బాగా తినాలంటే ఎక్కడికి వెళ్లాలి?"

ఒక పేరు చెప్పి పంపేయొచ్చు. కానీ ఒకే హోటల్లో ఎనిమిదింటికి తిన్నవాళ్లకు దొరికిన రుచి పదకొండింటికి వచ్చినవాళ్లకు దొరక్కపోవచ్చు. ఆ టైముకి కిచెన్‌లో చేతులు మారతాయి. టిఫిన్ మాస్టర్ తెల్లవారుజామున వచ్చినవాడు, ఇంటికి వెళ్లే తొందరలో ఉంటాడు. మీల్స్ మాస్టర్ అన్నం, పప్పు, సాంబారు పొయ్యి మీదికి ఎక్కిస్తుంటాడు. ఈ రెండింటి మధ్య గంటన్నరలో టిఫిన్ బాధ్యత ఎవరిది అన్నది తేల్చి పెట్టుకున్న హోటలే బ్రంచ్‌కి, అంటే టిఫినూ లంచూ కలిసొచ్చే ఆ లేటు తిండికి, మంచి హోటల్. మన దగ్గర బ్రంచ్ గురించి చెప్పుకునే మాటలు చాలావరకు ఈ సంగతి తెలియక పుట్టినవే.

అపోహ: బయట క్యూ ఉందంటే లోపల తిండి బాగున్నట్టే.

వేరే ఊళ్లలో ఇది కొంతవరకు నిజం. తిరుపతిలో జాగ్రత్తగా చూడాలి. బస్టాండ్, రైల్వే స్టేషన్, అలిపిరి వైపు ఉన్న హోటళ్లకు జనాన్ని తెచ్చేది రుచి ఒక్కటే కాదు, రైళ్లూ బస్సులూ కొండ మీది రద్దీ కూడా. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా, వేసవి సెలవుల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి ఆ క్యూలు ఎలాగూ ఉంటాయి. అక్కడ తినేవాళ్లలో ఎక్కువమంది మళ్లీ అదే హోటల్‌కి వస్తారన్న నమ్మకం లేదు. అందుకని క్యూలో ఎవరున్నారో చూడండి. చేతిలో స్టీలు క్యారియర్ పట్టుకుని, సాంబారుకి విడిగా గిన్నె తెచ్చుకుని నిలబడ్డవాళ్లు కనిపిస్తే వాళ్లు చుట్టుపక్కల వీధులవాళ్లు, వారం వారం వచ్చేవాళ్లు. బాలాజీ కాలనీ, భవానీ నగర్, లీలామహల్, ఎయిర్ బైపాస్ రోడ్డు, ఎంఆర్ పల్లె వైపు వెతకమని నేను చెప్పేది ఇందుకే. అక్కడ హోటల్ నడవాలంటే పక్కింటివాళ్లు మళ్లీ రావాలి.

జనం ఎక్కువుంటే ఒక లాభం మాత్రం నిజంగా ఉంది. చేసిన సరుకు నిలవ ఉండదు. యాత్రికులతో కిటకిటలాడే హోటల్లో పదకొండింటికి దిగిన ఇడ్లీ అప్పుడే దిగిన ఇడ్లీ. ఖాళీగా, చల్లగా, అందంగా ఉన్న రెస్టారెంట్లో అది ఎప్పటిదో అడిగి తెలుసుకోవాలి.

అపోహ: పదకొండింటికి టిఫిన్ అంటే మిగిలిపోయిందే పెడతారు.

ఇది అన్ని ఐటమ్స్‌కీ వర్తించదు. ఆ టైములో ఏది అడగాలి, ఏది వదిలేయాలి అన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

దోసె, ఊతప్పం, పూరీ అడిగాకే చేస్తారు కాబట్టి భయం లేదు. దోసెకు ఒక్క ఇబ్బంది పిండి. రాత్రి రుబ్బి పెట్టిన పిండి మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దునకే బాగా పులుస్తుంది, బయటే ఉంచితే పదకొండింటికి పులుపు మరీ ఎక్కువవుతుంది. బాధ్యత తెలిసిన మాస్టర్ పిండిని రెండు మూడు గిన్నెలుగా విడదీసి, లేటు టైముకి కావాల్సింది ఫ్రిజ్‌లో ఆపుకుంటాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే మీకే తెలుస్తుంది.

పొంగలి విషయంలో నేను గట్టిగానే చెబుతాను. పొంగలి పొద్దున తినాల్సింది. నిలవున్నకొద్దీ గట్టిపడుతుంది, వేడినీళ్లు పోసి కలిపితే చూడ్డానికి మళ్లీ మెత్తగానే ఉంటుంది. కానీ వండిన బియ్యం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే బ్యాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాంతులు పట్టుకుంటాయి. వేడిగా పెట్టాల్సిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదు, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీలకు మించకూడదు అన్న నియమం అందుకే ఉంది. ప్లేటులోకి వచ్చిన పొంగలి మీద నెయ్యి కరగకుండా పేరుకుని ఉంటే వెనక్కి పంపండి. మొహమాటం అక్కర్లేదు.

వడ లేటు టైములో మెత్తబడుతుంది. దాన్ని మళ్లీ నూనెలో వేసి ఇస్తే పైన కరకరలాడుతుంది కానీ లోపలంతా నూనె పీల్చుకుని ఉంటుంది. సాంబార్ వడగా అడిగితే మీకు తేడా తెలియదు కూడా. "ఇప్పుడు వాయి వేస్తున్నారా అన్నా?" అని సర్వర్‌ని అడగండి, లేదంటే వదిలేయండి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది చట్నీ. ఇడ్లీ ఎంత వేడిగా ఉన్నా, ఆరింటికి రుబ్బిన కొబ్బరి చట్నీ పదకొండింటికి అదే బకెట్లో ఉంటే మీ టిఫిన్ పాడైనట్టే. కొబ్బరికి తేమ ఎక్కువ, ఎండకు తొందరగా వాసన మారుతుంది. నీళ్లు పోసి పలుచన చేసి లాగించే చోట రంగు పాలిపోయి, తిరగవాత గింజలు ఉబ్బి అడుగున చేరి ఉంటాయి. మంచి చోట్ల తొమ్మిదిన్నర పదికి రెండోసారి గ్రైండర్ తిరుగుతుంది. నా కిచెన్‌లో ఈ ఒక్క విషయంలో రాజీ పడను. చట్నీ మీద నమ్మకం కుదరని చోట మన వైపు వాళ్లకు ఎర్రకారం దోసె ఉండనే ఉంది. వెల్లుల్లి కారం, పైన పప్పుల పొడి ఉంటే కొబ్బరి చట్నీ కోసం వెతుక్కునే పని ఉండదు.

అపోహ: వెంకన్న ఊరు కదా, బ్రంచ్‌లో నాన్‌వెజ్ దొరకదు.

మాంసం, మద్యం, సిగరెట్లు నిషేధం ఉన్నది కొండ మీద, తిరుమలలో. కింద తిరుపతి ఊళ్లో ఆదివారం నాన్‌వెజ్ హోటళ్లు నిండిపోతాయి. బయటి నుంచి వచ్చినవాళ్లు బిర్యానీ కోసం వెతుకుతారు. నా మాట వింటే రాగి సంగటి, నాటుకోడి పులుసు తినమంటాను. చిత్తూరు సీమకు అంతకంటే సొంతమైన ఆదివారపు భోజనం నాకు తెలియదు. పక్కన ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) పెట్టే చోటు దొరికితే ఆ హోటల్‌ని వదలకండి.

ఇక్కడా టైమే ముఖ్యం. నాటుకోడి ముదురు మాంసం, నిదానంగా ఉడకాలి. పదిన్నరకి వెళ్లి అడిగితే తొందరపడి దించిన ముక్క గట్టిగా ఉంటుంది. పులుసు కాసేపు పొయ్యి మీద మగ్గితే రుచి పెరుగుతుంది, సంగటికి ఆ ఓపిక లేదు. మెత్తగా ఉడికిన అన్నంలో రాగిపిండి వేసి, మూతపెట్టి, తెడ్డుతో గెలికి దించిన వెంటనే తినాలి. ఆరితే పైన తొక్క కట్టి గొంతు దిగదు. అందుకే పన్నెండు దాటాక వెళ్లండి. "సంగటి దిగిందా?" అని అడిగి కూర్చోండి. ఆదివారం బ్రంచ్ అంటే పదకొండే అన్న పట్టింపు దీనికి వద్దు. ముందు ఒక అలసంద వడ తిని కూర్చుంటే పన్నెండు దానంతటదే అవుతుంది.

ఇంకో మాట. శనివారం ఇక్కడ చాలా ఇళ్లలో మాంసం ముట్టరు, తమిళుల పెరటాసి నెల శనివారాల్లో మరీను. నాన్‌వెజ్ కోసమే బయటికి వెళ్లేటట్టయితే ఆదివారమే మేలు. ఆ రోజు సరుకు తాజాగా దిగుతుంది, తొందరగా అయిపోతుంది కూడా.

అపోహ: బఫేలో ఎన్ని ఐటమ్స్ ఉంటే అంత లాభం.

పెద్ద నగరాల స్టార్ హోటళ్లలో ఆదివారం బ్రంచ్ అంటే ఎక్కువగా మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి మొదలయ్యే పెద్ద బఫే. మన ఊళ్లో చాలాచోట్ల పదిన్నరకి బ్రేక్‌ఫాస్ట్ బఫే మూసి, పన్నెండున్నరకి లంచ్ తెరుస్తారు. మధ్యలో వెళితే రెండూ దొరకవు. పదింపావుకి వెళితే డబ్బు పూర్తిగా కట్టి, అడుగంటిన గిన్నెలు తినాలి.

మూతల కింద గిన్నెల్లో ఉన్న ఐటమ్స్ కొన్ని గంటలుగా ఆవిరి మీద ఉన్నవి కావచ్చు. నేను బయట తినేటప్పుడు ముందు లైవ్ కౌంటర్ దగ్గరికి వెళతాను. అక్కడ మనిషి నిలబడి దోసె, ఆమ్లెట్ వేస్తుంటే సగం డబ్బు అక్కడే వచ్చేసినట్టు. కోసి పెట్టిన పండ్ల కింద ఐసు లేకపోతే అటు వెళ్లను. అరవై ఐటమ్స్ ఉన్న బఫే కంటే, గిన్నె సగం కాగానే కొత్తది తెచ్చి పెట్టే ఇరవై ఐటమ్స్ బఫే మంచిది.

ధర అడిగేటప్పుడు ట్యాక్స్‌తో కలిపి ఎంతో అడగండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. రోజు గది అద్దె 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. అక్కడ వెయ్యి రూపాయల బఫే బిల్లు 1,180 అవుతుంది. సర్వీస్ ఛార్జ్ సంగతి వేరు. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని అడగొచ్చు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. సర్వర్‌కి ఏమైనా ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి. మా వాళ్లకు దానితో కలిగే సంతోషం నాకు తెలుసు.

అపోహ: ఆన్‌లైన్‌లో రేటింగ్ నాలుగు దాటితే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు.

తిరుపతిలో చాలా రివ్యూలు ఒక్కసారి వచ్చి వెళ్లినవాళ్లు రాసినవి. దర్శనం బాగా జరిగిన ఆనందంలో ఐదు చుక్కలు, పార్కింగ్ దొరకలేదన్న కోపంలో ఒకటి. మార్కుల సగటు వదిలేసి, గత రెండు మూడు నెలల్లో రాసినవి చదవండి. ఐటమ్ పేరు, వెళ్లిన టైము చెప్పిన రివ్యూ నమ్మదగ్గది. కొన్ని హోటళ్లలో మాస్టర్ మారగానే రుచి మారుతుంది, పాత రేటింగ్ మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: గోడ మీద లైసెన్స్ ఉంటే శుభ్రంగా ఉన్నట్టు.

కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు వ్యాపారం చేసుకోవడానికి అనుమతి. 2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా అది ఉండాలి. శుభ్రతకు ఇచ్చే హైజీన్ రేటింగ్ వేరు. ఆ పత్రం ఉంటే మంచిదే, లేకపోతే మీ కళ్లే ఉన్నాయి. చేతులు కడుక్కునే చోటు, తడి గ్లాసులు తుడిచే గుడ్డ, బాణలిలో నూనె రంగు చూడండి. కాగిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనెను మళ్లీ మళ్లీ కాచితే పెరిగే పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నియమం. అది కొలిచే మీటరు మీ దగ్గర ఉండదు కానీ, నల్లగా, చిక్కగా, నురగతో పొగలొస్తున్న నూనె దూరం నుంచే కనిపిస్తుంది. ఏసీకి, శుభ్రానికి సంబంధం లేదు. వడలు న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తే తీసుకోకండి, ఆ సిరా తిండిలోకి దిగుతుంది.

ఇక నలుగురి కంటే ఎక్కువమంది వెళుతుంటే శనివారం సాయంత్రమే ఫోన్ చేయండి. "టిఫిన్ ఎన్నింటిదాకా?" అని అడిగితే "పదకొండున్నర" అంటారు. అది కౌంటర్ మూసే టైము కావచ్చు. "దోసె పెనం ఎన్నింటికి ఆపుతారు?" అని అడగండి, అసలు టైము చెబుతారు. వెళ్లాక పదిమందీ ఒకేసారి మసాలా దోసె చెప్పకండి. చాలా హోటళ్లలో పెనం మీద ఒక వాయికి ఐదారు దోసెలే పడతాయి, మిగతావాళ్లు చూస్తూ కూర్చోవాలి. సగంమందికి దోసె, సగంమందికి పూరీ చెబితే రెండు పొయ్యిల మీద పని నడుస్తుంది, అందరికీ వేడిగా ఒకేసారి వస్తుంది.