‘చూస్తే 3 ఏళ్లు జైలు’: ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

పైరసీ సైట్ మీద కేసు పడిందని టీవీలో స్క్రోలింగ్ వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు: ‘మరి చూసినవాళ్లని కూడా పట్టుకుంటారా?’ 2025 నవంబరులో ఐబొమ్మ కేసులో హైదరాబాద్ పోలీసులు కూకట్‌పల్లిలో ఒకరిని అరెస్టు చేసినప్పుడూ అదే టెన్షన్. సైట్ వాడిన 50 లక్షల మంది డేటా నిందితుడి దగ్గర ఉందని పోలీసులు చెప్పడంతో అది ఇంకాస్త పెరిగింది. ఆ డేటా తప్పుడు చేతుల్లో పడితే మనకే ముప్పు అన్నది పోలీసుల హెచ్చరిక. చాలామంది మనసులో పడింది మాత్రం జైలు భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. దానికి నెల, సంవత్సరం ఉన్నాయి. 2016 ఆగస్టు.

ఆ నెలలో టొరెంట్ సైట్లు, అంటే సినిమా ఫైళ్లని జనం ఒకరి నుంచి ఒకరు దింపుకునే సైట్లు తెరిచినవాళ్లకి సినిమా బదులు తెర మీద ఇంగ్లిష్‌లో ఒక పేరా కనిపించింది. తెలుగులో చెప్పుకుంటే దాని సారం ఇది. ప్రభుత్వ ఆదేశం మేరకో కోర్టు ఉత్తర్వు మేరకో ఈ లింకును ఆపేశాం. ఇందులోని దొంగ కాపీని చూసినా, డౌన్‌లోడ్ చేసినా, ప్రదర్శించినా, నకలు తీసినా నేరం. కాపీరైట్ చట్టంలోని 63, 63ఎ, 65, 65ఎ సెక్షన్లతో సహా చట్టాల ప్రకారం 3 ఏళ్ల జైలు, 3 లక్షల రూపాయల దాకా జరిమానా. అభ్యంతరం ఉంటే రాయమని ఒక ఈమెయిల్ అడ్రసు కూడా ఇచ్చారు.

ఇంకేముంది, టొరెంట్ సైట్ చూస్తే 3 ఏళ్లు జైలు అని దేశమంతా హెడ్డింగులు వచ్చేశాయి. తెర మీద ఉన్న పేరానే వార్త అయిపోయింది. ఆ పేరాలో ఉన్నది చట్టంలో ఉందా లేదా అని చూడాల్సిన పని మిగిలిపోయింది. అదేమంత పెద్ద పని కాదు, సెక్షన్లు తీసి చదివితే చాలు. 63వ సెక్షన్, తెలిసి తెలిసీ కాపీరైట్ ఉల్లంఘించినవాళ్ల గురించి, అందుకు తోడ్పడినవాళ్ల గురించి చెబుతుంది. శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్లు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు. 63ఎ రెండోసారి దొరికినవాళ్లకి. అక్కడ కూడా జరిమానా 2 లక్షలు దాటదు. 65 దొంగ కాపీలు తయారుచేసే సరంజామా దగ్గర పెట్టుకున్నవాళ్ల గురించి. 65ఎ డిజిటల్ తాళాలు పగలగొట్టేవాళ్ల గురించి. ‘చూడటం’ అన్న మాట వీటిలో లేదు. 3 లక్షల అంకె కూడా లేదు.

ఆ నోటీసు వెనక ఉన్నది ‘డిష్యూం’ అనే హిందీ సినిమా కేసు. అంతకుముందు జూన్‌లో ‘ఉడ్తా పంజాబ్’ విడుదలకు ముందే బయటికొచ్చేయడంతో ముంబయి నిర్మాతలు బెదిరిపోయి ఉన్నారు. సైట్లకు సైట్లే ఆపేయమని ‘డిష్యూం’ వాళ్లు అడిగితే బొంబాయి హైకోర్టు జడ్జి జస్టిస్ గౌతమ్ పటేల్ ఒప్పుకోలేదు. సైట్ మొత్తం దొంగ సరుకే అని రుజువు ఏది అన్నారు. ఒక్కో లింకూ సరిచూసి జాబితా తెచ్చాకే ఉత్తర్వు ఇచ్చారు. లింకు ఎందుకు ఆగిందో జనానికి తెలియాలని నోటీసు పెట్టమన్నారు. అది కాస్తా భయపెట్టే ప్రకటనగా మారింది. ఆగస్టు 30న ఆయనే మళ్లీ స్పష్టం చేశారు: ఊరికే చూడటం నేరం కాదు, అనుమతి లేకుండా పంచడం, పదిమందికి ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడం నేరం. నోటీసులో ఆ మాట మార్చమన్నారు.

మొదటి వార్త వెళ్లినంత దూరం ఈ వివరణ వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఇంట్లో ఆ ప్రశ్న ఇంకా వినిపించేది కాదు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త చెప్పాలి. చూడటం వేరు, దింపుకోవడం వేరు. డౌన్‌లోడ్ అంటే ఒక కాపీ తయారైనట్టే. టొరెంట్ అయితే ఇంకా చిక్కు. మనం సినిమా దింపుకుంటున్నంతసేపూ మన కంప్యూటర్‌లోంచి దాని ముక్కలు వేరేవాళ్లకి వెళుతూనే ఉంటాయి. అంటే మనకు తెలియకుండానే పంచుతున్నాం. వార్తల్లో ఈ తేడా దాదాపు కనిపించదు. పాఠకుడికి నిజంగా పనికొచ్చేది ఇదే.

అసలు ఆ శిక్షలు ఇంటర్నెట్ కోసం రాసినవి కూడా కావు. కాపీరైట్ చట్టం 1957 నాటిది. వీడియో క్యాసెట్లు వచ్చి, అద్దె షాపులు వెలిసి, నిర్మాతలు గగ్గోలు పెట్టాక 1984లో శిక్షలు పెంచారు. 3 ఏళ్ల జైలు, 2 లక్షల జరిమానా అప్పటి అంకెలు. క్యాసెట్ పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి లింకు వచ్చింది. 63వ సెక్షన్‌లో ఆ అంకెలు అలాగే ఉన్నాయి.

షాపు వాడైతే దొరుకుతాడు. లింకు పెట్టినవాడి పేరు ఎవరికి తెలుసు? అందుకే కోర్టులు ‘అశోక్ కుమార్’ మీద ఉత్తర్వులు ఇవ్వడం మొదలుపెట్టాయి. అశోక్ కుమార్ అంటే ఫలానా మనిషి కాదు, గుర్తు తెలియని ప్రతివాదికి పెట్టిన పేరు. 2002లో ఢిల్లీ హైకోర్టు ఫుట్‌బాల్ ప్రపంచకప్ ప్రసారాల కోసం కేబుల్ ఆపరేటర్ల మీద ఇలాంటి ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత సినిమావాళ్లు అందుకున్నారు. 2012లో తమిళ సినిమా ‘3’, మన ‘దమ్ము’ కోసం మద్రాసు హైకోర్టులో తెచ్చుకున్న ఉత్తర్వులతో ఇంటర్నెట్ కంపెనీలు విమియో అనే వీడియో సైట్‌తో సహా కొన్ని సైట్లను మొత్తానికే మూసేశాయి. సొంతంగా తీసుకున్న చిన్న సినిమాలు, పాఠాలు పెట్టుకున్నవాళ్ల వీడియోలూ వాటితోపాటే పోయాయి. సైట్ కాదు, ఫలానా లింకు మాత్రమే ఆపాలని జూన్‌లో కోర్టు వివరణ ఇచ్చాక అవి తెరుచుకున్నాయి.

సైట్లకు సైట్లే మూసేసిన ఈ అతిని చూపించి పైరసీ చిన్న విషయం అనేవాళ్లతో నేను ఏకీభవించను. 2013 సెప్టెంబరు గుర్తు చేసుకోండి. సమైక్యాంధ్ర ఉద్యమంతో ‘అత్తారింటికి దారేది’ విడుదల వాయిదా పడుతూ ఉంది. ఇంతలో సినిమాలో దాదాపు గంటన్నర భాగం బయటికొచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముతున్నారని తెలిసి పోలీసులు ఆ దారి పట్టుకుని వెనక్కి వెళితే, సినిమా పనిలో ఉన్న మనిషి చేతిలోంచే కాపీ బయటపడిందని తేలింది. అక్టోబరు 9న రావాల్సిన సినిమాని హడావుడిగా సెప్టెంబరు 27న విడుదల చేశారు. అది పెద్ద హిట్టయింది కాబట్టి ఇవాళ కథలా చెప్పుకుంటున్నాం. ఆడకపోయి ఉంటే అందులో పనిచేసినవాళ్ల కష్టం ఏమయ్యేది?

ఆ తర్వాత చట్టం గేరు మార్చింది. 2016లో తెలంగాణ మేధో సంపత్తి నేరాల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. ఒక సైట్ ఆపితే పేరు చివర తోక మార్చుకుని మర్నాడే వస్తోందని గమనించి, 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు కొత్త పద్ధతి తెచ్చింది. ఒకసారి ఉత్తర్వు వచ్చాక అదే సైట్ కొత్త అడ్రసుతో వస్తే మళ్లీ కొత్త కేసు వేయక్కర్లేదు, ఆ అడ్రసు జాబితాలో చేరిస్తే చాలు. 63వ సెక్షన్ కింద నేరానికి వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చని, బెయిలు హక్కుగా రాదని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో లింకులు ఆపించేలా అదే ఏడాది నవంబరులో కేంద్రం నోడల్ అధికారులను, అంటే ఆ ఫిర్యాదులు చూసే అధికారులను పెట్టింది.

ఆ సందర్భంలోనే పైరసీ వల్ల పరిశ్రమకు ఏటా 20,000 కోట్ల దాకా నష్టం అని కేంద్రం చెప్పింది. 2024లో ఈవై అనే కన్సల్టెన్సీ సంస్థ, ఇంటర్నెట్ కంపెనీల సంఘం కలిసి వేసిన నివేదికలో 2023 సంవత్సరానికి అది 22,400 కోట్లు. థియేటర్ల వైపు 13,700, ఓటీటీల వైపు 8,700. ఇవి సర్వేల మీద కట్టిన అంచనాలు. ఉచితంగా చూసిన ప్రతి మనిషీ టికెట్ కొనేవాడే అనుకుంటే ఒక అంకె వస్తుంది, పదిమందిలో ఇద్దరే కొనేవాళ్లు అనుకుంటే ఇంకో అంకె వస్తుంది. హెడ్డింగులోకి ఎక్కేసరికి ‘అంచనా’ అన్న మాట జారిపోయి కోట్లు మాత్రమే మిగులుతాయి. ఐబొమ్మ అరెస్టు తర్వాత హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ పెట్టిన ప్రెస్‌మీట్‌లో చిరంజీవి, నాగార్జున, రాజమౌళి పక్కనే కూర్చున్నారు. హార్డ్ డిస్కుల్లో 21,000 సినిమాలు దొరికాయన్న మాట ఆ రోజంతా మోగింది. బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలతో డబ్బు ఎలా వచ్చిందో కూడా పోలీసులు చెప్పారు. ఉచితం అనుకున్న సినిమాకి జనం ఎక్కడ ఎలా చెల్లిస్తున్నారో ఆ మాటలో ఉంది, కానీ చర్చంతా నిందితుడు హీరోనా విలనా అన్నదాని మీదికి పోయింది. నేరం రుజువు కావాల్సింది కోర్టులో అన్న సంగతి రెండు వైపులా మరిచారు.

2016లో చట్టంలో లేని ఆ 3 లక్షల అంకె 2023 సవరణతో సినిమాటోగ్రాఫ్ చట్టంలోకి వచ్చింది. కాకపోతే గరిష్ఠంగా కాదు, కనీస జరిమానాగా. కనీసం 3 నెలల జైలు, పైకి 3 ఏళ్లు. జరిమానా 3 లక్షల నుంచి సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా. అయితే ఇది థియేటర్లో కెమెరా పెట్టినవాడికి, దొంగ కాపీని లాభం కోసం జనానికి చూపించేవాడికి. 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ పైరసీ కాపీని ఏపీఎస్‌ఆర్టీసీ బస్సులో వేశారని నిర్మాత బన్నీ వాసు బయటపెట్టారు. టికెట్ కొనుక్కుని ఆ బస్సులో కూర్చున్న ప్రయాణికుడు ఏ సెక్షన్‌లోనూ లేడు. తెర మీద సినిమా వేసినవాళ్లు ఉన్నారు, వాళ్ల పెన్‌డ్రైవ్‌లోకి ఆ కాపీ ఎక్కించినవాళ్లు ఉన్నారు, థియేటర్లో చొక్కా జేబులో ఫోన్ పెట్టుకుని దాన్ని తీసినవాళ్లు ఉన్నారు.