మ్యాప్‌లో ఉన్న కంట్రోలర్ రేడియోలో ఎందుకు దొరకడు?

ఆన్‌లైన్ ఫ్లైట్ సిమ్యులేషన్‌లో పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఇందులో ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే పైలట్లకు, వాట్సిమ్ లాంటి ఇంటర్నెట్ నెట్‌వర్కుల్లో వాలంటీర్లు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లుగా రేడియోలో దారి చెబుతారు. ఒక కంట్రోలర్ చూసే ఆకాశ భాగం, అంటే సెక్టార్ మొత్తానికి రంగు వేసి మ్యాప్ చూపిస్తుంది, తీరా గేటు దగ్గర నుంచి బయలుదేరే అనుమతి (క్లియరెన్స్) అడిగితే ఉలుకూ పలుకూ ఉండదన్నది పైలట్ల ఫిర్యాదు. ఒక్కోసారి జవాబు వస్తుంది కానీ 'ఆ విమానాశ్రయం నేను చూడటం లేదు' అని వస్తుంది. కంట్రోలర్లు చెప్పేది వేరు. తాము ఏది చూస్తున్నదీ ముందే రాసి పెడుతున్నామని, దాన్ని చదవకుండానే పిలుస్తున్నారని, కొందరైతే ఆ పిలవడం కూడా లేకుండా నేరుగా రన్‌వే మీద తేలుతున్నారని అంటున్నారు.

పాత నెట్‌వర్క్ సాట్కో నుంచి 1998లో ఐవావో, 2001లో వాట్సిమ్ అనే నెట్‌వర్కులు విడిపోయిన సంగతి ఈ రంగంలో కొత్తగా చేరినవాళ్లకు కూడా తెలిసిందే కాబట్టి దాని జోలికి వెళ్లనక్కర్లేదు. ఇప్పటి గొడవకు చాలామంది 2020ని కారణంగా చూపిస్తారు. లాక్‌డౌన్లతో జనం ఇళ్లకే పరిమితమయ్యారు, ఆగస్టు 18న కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ విడుదలైంది, పైలట్లు వెల్లువలా వచ్చారు, కంట్రోలర్లు చాలలేదు. ఇందులో అబద్ధం లేదు. కానీ కంట్రోలర్లు తక్కువగా ఉండటం ఒక సమస్య, ఉన్న కంట్రోలర్ దొరకకపోవడం ఇంకో సమస్య. ఈ రెండోది మొదలైంది అంతకు పది నెలల ముందు, 2019 అక్టోబర్‌లో, వాట్సిమ్ తన వాయిస్ వ్యవస్థను మార్చినప్పుడు.

దానికి ముందు వాయిస్, ఆన్‌లైన్ చాట్ గదుల్లాంటి గదుల్లో నడిచేది. కంట్రోలర్ తన గురించి రాసి పెట్టే సమాచారంలో మొదటి వరుస ఆ గది ఉన్న సర్వర్ చిరునామా. పైలట్ ఫ్రీక్వెన్సీ పెట్టగానే అతని క్లయింట్ (నెట్‌వర్క్‌కు కలిపే ప్రోగ్రామ్) ఆ గదిలోకి వెళ్లిపోయేది. కొండ అడ్డం వచ్చినా, విమానం నేల మీదున్నా తేడా ఉండేది కాదు. శబ్దం మాత్రం నాసిగా, ఆలస్యంగా వినిపించేది. అందుకే ఫ్లైట్ ప్లాన్ రిమార్కుల్లో 'టెక్స్ట్ మాత్రమే' అని గుర్తు పెట్టి ఎగిరేవాళ్లు చాలామంది. కంట్రోలర్లు లేనిచోట పైలట్లు తమలో తాము చెప్పుకునే 122.800 ఫ్రీక్వెన్సీ, అంటే యూనికామ్ మీద మాటలు ఉండేవి కావు, టైపింగే. అప్పట్లో ఆన్‌లైన్‌లో ఉన్నాడంటే దొరుకుతాడనే అర్థం.

కొత్త వ్యవస్థ 'ఆడియో ఫర్ వాట్సిమ్' ఆ గదులను తీసేసి వాటి స్థానంలో యాంటెన్నాలను పెట్టింది. కంట్రోలర్ కూర్చునే ప్రతి స్థానానికీ ఏయే చోట్ల ట్రాన్సీవర్లు (సిగ్నల్ పంపి, అందుకునే రేడియోలు) ఉన్నాయో డేటాబేస్‌లో ఉంటుంది. అసలు వీహెచ్ఎఫ్ రేడియోలాగే ఇక్కడా ఎవరు ఎవరికి వినిపిస్తారన్నది దూరాన్నీ ఎత్తునూ బట్టి ఉంటుంది. 35,000 అడుగుల మీద ఉన్న విమానానికి రేడియో చూపు దాదాపు 230 నాటికల్ మైళ్లు. అదే విమానం పార్కింగ్‌లో ఉంటే కొన్ని మైళ్లే. దగ్గర్లో ఆ సెంటర్ (పెద్ద ప్రాంతం మొత్తాన్ని చూసే స్థానం) తాలూకు యాంటెన్నా ఒకటి నమోదై ఉంటేనే గేటు దగ్గర పైలట్ గొంతు కంట్రోలర్‌కు చేరుతుంది. ఆ నమోదు చేసేది స్థానిక విభాగంలోని వాలంటీర్లు. పెద్ద విమానాశ్రయాలకు త్వరగానే పెట్టారు, మారుమూల రన్‌వేలు మిగిలిపోయాయి. శబ్దం బాగుపడింది, యూనికామ్ మీదా మాట్లాడుకోవడం మొదలైంది, ఆ మార్పును తిట్టినవాళ్లు తక్కువే. అయితే అదే సమయంలో 'ఆన్‌లైన్' అన్న ముద్రకూ 'అందుబాటు'కూ మధ్య దూరం పెరిగింది. చాలా మ్యాపులు మాత్రం ఆ ముద్ర ఒక్కదాన్నే చూపిస్తూ వచ్చాయి.

మ్యాపుల లోపం అంతకంటే పాతది. ఎవరెవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో చెప్పే వాట్సిమ్ డేటా ఫీడ్ ఎవరైనా వాడుకోవచ్చు, ఇప్పుడది 15 సెకన్లకోసారి మారుతుంది. అందులో కంట్రోలర్ కాల్‌సైన్ (రేడియో పేరు), ఫ్రీక్వెన్సీ, రేటింగ్, అతను రాసుకున్న సమాచార వరుసలు ఉంటాయి. ఒకప్పటి సర్వ్‌ఇన్ఫో ప్రోగ్రామ్ నుంచి ఇప్పటి వెబ్ మ్యాపుల దాకా చాలావరకు చేసేది ఒకటే. కాల్‌సైన్ మొదటి అక్షరాలు చూసి, వాటికి సరిపోయే సరిహద్దు గీత వెతికి, రంగు నింపడం. చివర సెంటర్ అని ఉంటే చాలు, మొత్తం ప్రాంతం వెలిగిపోతుంది. టాప్-డౌన్ పద్ధతి వల్ల ఈ ఊహ చాలాసార్లు నిజమే అవుతుంది. కింద విమానాశ్రయం చుట్టుపక్కల ఆకాశాన్ని చూసే అప్రోచ్, రన్‌వేను చూసే టవర్, నేల మీద కదలికలను చూసే గ్రౌండ్ ఎవరూ లేకపోతే సెంటరే వాళ్ల పని కూడా చూస్తాడు. కానీ సెక్టార్‌ను ఇద్దరు పంచుకుంటే ఊహ తప్పుతుంది. యూరప్‌లో పై ఆకాశం మాత్రమే చూసే యూరోకంట్రోల్ స్థానాల దగ్గర ఇంకా ఘోరంగా తప్పుతుంది. అవి ప్రధానంగా ఫ్లైట్ లెవెల్ 245కు (సుమారు 24,500 అడుగులు) పైన పనిచేస్తాయి, కింది విమానాశ్రయాలకు సేవ ఇవ్వవు. మ్యాప్ మీద చూస్తే కింద నేల కూడా అదే రంగులో ఉంటుంది. గేటు దగ్గర కూర్చుని పదేపదే పిలిచే పైలట్‌ది తప్పని ఎలా అంటాం?

అయినా కంట్రోలర్ల మాటకు బరువు ఎక్కువ. సెంటర్ స్థానంలో కూర్చున్న మనిషి ఒకేసారి పైన వెళ్లేవాళ్లనూ, దిగేవాళ్లనూ, పుష్‌బ్యాక్ అడిగేవాళ్లనూ చూస్తుంటాడు. ఆ మధ్యలో ఎవరో పిలవకుండా తన ఆకాశంలోకి వస్తారు. 'కాంటాక్ట్ మీ' అని మెసేజ్ పంపుతాడు, జవాబు ఉండదు, మళ్లీ పంపుతాడు. అవతల మనిషి ఆటోపైలట్ పెట్టి లేచి వెళ్లి ఉంటాడు. కనెక్షన్‌ను 30 నిమిషాలకు మించి గాలికి వదలకూడదని నియమం ఉంది, కానీ రద్దీ సెక్టార్ పాడవడానికి అయిదు నిమిషాలు చాలు. చివరికి వాలప్ (సాయం కోరే ఆదేశం) కొట్టి సూపర్‌వైజర్‌ను పిలవాలి. ఆ సూపర్‌వైజర్ కూడా జీతం లేని వాలంటీరే. కంట్రోలర్ చూసే విమానాశ్రయాలేవో అతని సమాచార వరుసల్లో రాసే ఉంటుంది. దాన్ని చూడటానికి పైలట్‌కు ఒక్క క్లిక్ చాలు. పైగా పిలుపు అందకపోతే మెసేజ్ పెట్టే దారి ఎప్పుడూ తెరిచే ఉంది. దాన్ని వాడేవాళ్లు తగ్గిపోయారు.

2020 తర్వాత మనుషుల కొరత దీనికి తోడైంది. ఇప్పటి పద్ధతిలో ఎస్‌1 అనే రేటింగ్‌తో డెలివరీ (క్లియరెన్స్ ఇచ్చే స్థానం), గ్రౌండ్, ఎస్‌2తో టవర్, ఎస్‌3తో అప్రోచ్, సీ1 వచ్చాకే సెంటర్. ఒక్కో మెట్టుకూ శిక్షణ, పరీక్ష. నేర్పేది ఆ రేటింగ్ ఉన్న కంట్రోలరే. లైవ్‌లో శిక్షణ జరిగేటప్పుడు ఒకే స్థానం వెనక ఇద్దరు ఉంటారు. క్యూ పెరిగేకొద్దీ అనుభవం ఉన్నవాళ్ల సాయంత్రాలు మెంటరింగ్‌కే పోయాయి, ఇంకో స్థానం తెరవాల్సిన మనిషి తెరవలేకపోయాడు. మిగిలినవాళ్లు ట్రాఫిక్ ఉన్నచోటికే వెళ్తారు, ట్రాఫిక్ కంట్రోలర్లు ఉన్నచోటికే వెళ్తుంది. క్రాస్ ద పాండ్ లాంటి ఈవెంట్ రోజున అట్లాంటిక్ రెండు వైపులా కళకళలాడటం, మామూలు మంగళవారం అదే ఆకాశం బోసిపోవడం అందుకే. బుకింగ్ క్యాలెండర్ కొంత సాయం చేస్తుంది. కానీ బుక్ చేసినంత మాత్రాన వచ్చి తీరాలని ఖాళీ సమయంలో పనిచేసేవాళ్లను బలవంతపెట్టలేం.

డబ్బు పెడితే ఈ చిక్కు పోతుందని 2011లో మొదలైన పైలట్‌ఎడ్జ్ చూపించింది. పైలట్లు చందా కడతారు, కంట్రోలర్లకు చెల్లింపు ఉంటుంది, ప్రకటించిన గంటల్లో మనిషి ఉండి తీరతాడు. బదులుగా ప్రాంతం చిన్నది, దక్షిణ కాలిఫోర్నియాతో మొదలై మెల్లగా పెరిగింది. ఇప్పుడు సేఇంటెన్షన్స్, బియాండ్‌ఏటీసీ లాంటి ఏఐ గొంతులు ఎప్పుడు పిలిచినా పలుకుతున్నాయి. మనిషి పలకలేదని అలిగినవాళ్లలో కొందరు అటు మళ్లారు. వాళ్లకోసం కంట్రోలర్లేమీ బెంగపడుతున్నట్టు లేదు.

పైలట్లు ఇప్పుడు అడుగుతున్నది మ్యాప్ నిజం చెప్పాలని. దానికి కావలసిన సరుకు చాలావరకు బయటే ఉంది. ఏ కాల్‌సైన్‌కు ఎక్కడెక్కడ ట్రాన్సీవర్లు నడుస్తున్నాయో వాట్సిమ్ విడిగా ఒక ఫీడ్‌లో ఇస్తూనే ఉంది. దాన్ని సెక్టార్ ఎత్తులతో, టాప్-డౌన్ జాబితాలతో కలిపితే నేల మీద పైలట్‌కు ఎవరు పలుకుతారో చాలావరకు తేలిపోతుంది. అయితే ఆ ఎత్తులూ జాబితాలూ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, తరచూ మారుతుంటాయి, ఎవరో ఒకరు వాటిని తాజాగా ఉంచాలి. సరిహద్దు గీతలను ఇప్పటికే వాలంటీర్లు సరిచేస్తున్నారు. ఈ అదనపు పని కూడా మెంటరింగ్ చేసి, సెంటర్ తెరిచి, వాలప్‌లకు జవాబిచ్చే ఆ కొద్దిమంది నెత్తినే పడేలా ఉంది. వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.